పొట్లం మీద హిమాలయం

పొట్లం మీద మంచుకొండ బొమ్మ వేస్తే చాలు, లోపల ఏముందని అడిగేవాళ్ళు ఉండరు. కీళ్ళనొప్పుల నూనె మీద అదే కొండ, సబ్బు మీద అదే కొండ, చివరికి పళ్ళపొడి మీద కూడా అదే కొండ. మా ఉర్లాలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీల పక్కన, రోడ్డువార డేరా వేసుకుని మూలికలు అమ్మేవాడి వెనకాల బేనరు మీదా అదే కొండ. ఈ మధ్య ఆ డేరాలో ఎండిన పువ్వుల పొట్లం ఒకటి బాగా అమ్ముడుపోతోంది. పేరు బనఫ్షా. హిమాలయ శిఖరాల మీద, మునులు తపస్సు చేసే చోట మాత్రమే పూసే పువ్వట. ఎంత పాత దగ్గయినా, ఆయాసమైనా, క్షయ అయినా నలభై రోజుల్లో మాయమైపోతుందట!

దీని గురించి నేను అడగదలుచుకున్నది ఒకటే ప్రశ్న. ఆ పువ్వు ఎక్కడ పెరుగుతుంది, ఎలా పెరుగుతుంది?

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాదు, బి.కాం. వాణ్ణి. రక్షణశాఖ లెక్కల విభాగంలో ముప్ఫయ్యేళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సరుకు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎంత వచ్చింది, ఎవరు తెచ్చారు అని అడగడం మా వృత్తి. వోచరు లేని ఖర్చుని పాస్ చెయ్యనట్టే, పుట్టుక చెప్పలేని మహిమనీ పాస్ చెయ్యనక్కర్లేదు. మొక్క విషయంలో వోచరంటే అది పెరిగే పరిస్థితులే. ఎత్తు, చలి, తడి, మన్ను, నీడ. వీటిని ఎవరూ ఫోర్జరీ చెయ్యలేరు.

ముందు ఆ పువ్వు సంగతి చూద్దాం. బనఫ్షా పారశీకం నుంచి వచ్చిన మాట. ఇంగ్లీషువాళ్ళ వయొలెట్ ఇదే. తెలుగులో దీనికి సొంత పేరు లేదు. మన పూర్వులకు పేర్లు పెట్టడం చేతకాక కాదు. పల్లేరు, పిప్పింట, ఉత్తరేణి అంటూ కాళ్ళ కింద పడి నలిగే కలుపుమొక్కలకి కూడా పేర్లు పెట్టారు. ఈ పువ్వు మన ఎండల్లో బతకలేదు కాబట్టి వాళ్ళ కంట పడలేదు, కాబట్టి పేరూ లేదు. దీని దాయాది ఒకటి మాత్రం మన మెట్టభూముల్లో ఉంది. దాన్ని రత్నపురుష అంటారు. వయొలెట్ కుటుంబానిదే. జానెడు ఎత్తు మొక్క, పువ్వుకి ఒకే ఒక రేకు పెద్దదిగా గులాబీరంగులో కనిపిస్తుంది. అది మన నేల మీద ఉంది కాబట్టి దానికి పేరూ ఉంది, పేరుతోపాటు మగతనం మందుల వ్యాపారమూ ఉంది!

వయొలెట్లు ప్రపంచంలో అయిదు వందల పైచిలుకు జాతులున్నాయి. వాటిలో నిజంగా ఎత్తయిన కొండల మీద, చెట్లు ఆగిపోయే గీతకి అటూ ఇటూ పెరిగేవాటిలో పేరున్నది వయోలా బైఫ్లోరా. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు. ఒక్కో కాడకి తరచు రెండు పూలు ఉంటాయి కాబట్టి బైఫ్లోరా. వయొలెట్ అన్నాం కదాని ఊదారంగు ఊహించుకోకండి, ఇది పసుపుపచ్చ. కింది రేకు మీద ముదురు గీతలు కొన్ని ఉంటాయి. తేనె ఎక్కడుందో పురుగులకి దారి చూపించే గుర్తులవి. ఆకులు మూత్రపిండం ఆకారంలో ఉంటాయి. ఈ జాతి మన హిమాలయాల సొత్తేమీ కాదు. ఐరోపాలో ఆల్ప్స్ మీద ఉంది, సైబీరియాలో ఉంది, జపానులో ఉంది, అమెరికాలో అలాస్కా, కొలరాడోల్లోనూ ఉంది. మునులు లేని చోట కూడా శుభ్రంగా పూస్తోంది. చలి, తడి, నీడ ఉంటే చాలు దానికి.

నేను ఈ పువ్వుని చూసింది సర్వీసులో ఉండగా, ఆడిట్ పని మీద జోషీమఠ్ వెళ్ళినప్పుడు. పని ముగిశాక రెండు రోజులు సెలవు పెట్టి గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియా మీదుగా పూలలోయకి నడిచాను. జులై మొదటివారం. వాలులో ఇంకా అక్కడక్కడ మురికిమంచు మిగిలి ఉంది. దారి పొడుగునా ఉన్న పెద్దపూలనే అందరూ చూస్తున్నారు. ఇది మాత్రం బండరాళ్ళ ఉత్తరపు వైపున, నీళ్ళు ఊరే చోట, అరచేతి ఎత్తులో నక్కి ఉంది. అదే రాయికి ఎండ తగిలే వైపున ఒక్కటంటే ఒక్క మొక్క లేదు. మూడు నాలుగు రాళ్ళ దగ్గర ఆగి చూశాను, అన్నిచోట్లా అదే లెక్క. ఒకే కొండ, ఒకే లోయ, రాయికి ఇటు ఉంది, అటు లేదు. స్థలమహిమే కారణమైతే రాయికి రెండువైపులా ఉండాలి కదా!

ఆ లోయని 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఫ్రాంక్ స్మిత్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు చూశాడు. 1938లో ఆయన రాసిన పుస్తకం వల్ల బయటి లోకానికి తెలిసింది. 1939లో పూల నమూనాలు సేకరించడానికి వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆవిడ అక్కడే కాలుజారి పడి చనిపోయింది. లోయ 1982లో జాతీయ ఉద్యానవనం అయింది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఆ పూలతోట పరీలది అంటే గంధర్వకన్యలదని పాత నమ్మకం. వాళ్ళు నాటుతారు, వాళ్ళే కాపలా కాస్తారు అని. అసలు తోటమాలి ఎవరో చూద్దాం.

మొదటిది మంచు. శీతాకాలమంతా మొక్క మంచు కింద ఉంటుంది. చలికి చచ్చిపోదా అంటే, చావదు. పైన గాలి సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయినా, మందపాటి మంచు కింద నేల సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది. మంచు దానికి దుప్పటి. దుప్పటి లేని ఏడే గడ్డకట్టి చస్తుంది. రెండోది, మంచు కరిగిన నీళ్ళు. వేసవిలో చుక్కచుక్కగా ఊరుతూ వేళ్ళని చల్లగా, తడిగా ఉంచుతాయి. మూడోది తొందర. ఏడాదిలో మూడు నాలుగు నెలలే పని కాలం. అందుకే నేలలోపలి దుంపవేరులో ఆహారం దాచుకుని, మంచు తీసీ తియ్యగానే పూసేస్తుంది. నాలుగోది గింజ. చాలా వయొలెట్ల గింజలు తడిచలిలో కొన్ని వారాలో నెలలో గడిపితే గాని మొలకెత్తవు. చలికాలం నిజంగా వచ్చి వెళ్ళిందని రుజువు చూపిస్తేనే తలుపు తీస్తాయన్నమాట. చాలా జాతుల గింజలకి కొవ్వు ముక్క ఒకటి అంటుకుని ఉంటుంది. చీమలు దానికోసం గింజని మోసుకుపోయి, కొవ్వు తిని గింజని పుట్టలో వదిలేస్తాయి. చాలా వయొలెట్లలో ఇంకో చిత్రం ఉంది. మొగ్గ విచ్చుకోకుండానే లోపల తనంతట తనే పరాగసంపర్కం జరుపుకుని కాయ కాస్తుంది. ఎవరైనా బాబాగారు చూసి ఉంటే పువ్వు పూయకుండా కాయ కాయించానని చెప్పుకునేవాడు.

ఇప్పుడు ఇదే మొక్కని ఉర్లాకి తెచ్చామనుకోండి. లెక్క వేద్దాం. కొండ ఎక్కేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. రాయపూర్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్లు. పూలలోయ 3,500 అనుకుందాం. తేడా 3,200 మీటర్లు, అంటే దాదాపు 21 డిగ్రీలు. ఇక్కడ మే నెలలో 44 ఉంటే అక్కడ, ఎత్తు లెక్కన చూసినా, 23. ఆ లోయ మనకన్నా చాలా ఉత్తరాన ఉంది కాబట్టి అసలు ఇంకా తక్కువే ఉంటుంది. మొక్క పగలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటుంది, అది జమ. పగలూ రాత్రీ శ్వాసిస్తూ ఆ ఆహారాన్ని కరిగిస్తుంది, అది ఖర్చు. వేడి పెరిగితే ఖర్చు పెరుగుతుంది. మా ఉర్లాలో మే నెల రాత్రుళ్ళు కూడా చల్లబడవు. అలాంటి చోట కొండమొక్కకి రోజూ లోటు బడ్జెట్టే. కొన్నాళ్ళు దుంపలో దాచుకున్నది తిని, తరవాత ఎండిపోతుంది. దీనికి ప్రార్థనా పనికిరాదు, పంచగవ్యమూ పనికిరాదు.

రుజువు కావాలంటే హిమాలయాలకి వెళ్ళక్కర్లేదు. నవంబరులో రాయపూర్ నర్సరీలో పాన్సీ మొక్క కొనండి. ముఖం పెట్టినట్టుండే ఆ పువ్వు వయొలెట్టే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో లార్డ్ గాంబియర్ తోటమాలి విలియం థాంప్సన్ లాంటివాళ్ళు అడవి వయొలెట్లని కలిపి కలిపి దాన్ని తయారుచేశారు. కలిపినవాటిలో కొండల మీది పసుపు వయొలెట్, ఆల్టాయి పర్వతాల వయొలెట్ ఉన్నాయి. అంటే దాని రక్తంలో కొండ ఉంది. ఉర్లా బాల్కనీలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో బ్రహ్మాండంగా పూస్తుంది. మార్చి దాటి ఎండ ముదరగానే వాడిపోతుంది. నీళ్ళు ఎన్ని పోసినా, నీడలో పెట్టినా అంతే. రెండు వందల ఏళ్ళు మనుషుల మధ్య పెరిగిన మొక్కే ఇలా ఉంటే, అడవి జాతి సంగతి చెప్పాలా?

ఇంతకీ డేరాలో అమ్మే బనఫ్షా ఈ శిఖరాల వయొలెట్ అవునా? కాదు. యునానీ వైద్యంలో అసలు బనఫ్షా సువాసన ఉన్న వేరే వయొలెట్, వయోలా ఒడొరాటా. దానికి బదులుగా హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో దొరికే వయోలా పిలోసా, వయోలా కానెసెన్స్ అనే జాతులని వాడతారు. అవి శిఖరాల మీద ఉండవు. కింది కొండల్లో, ఓక్ చెట్ల, దేవదారు చెట్ల నీడన పెరుగుతాయి. మునులుండే చోటు కాదది, పల్లెజనం పశువులు మేపుకునే చోటు. వసంతంలో ఆడవాళ్ళూ పిల్లలూ వంగి వంగి ఒక్కొక్క పువ్వే కోసి ఎండబెట్టి దళారీకి అమ్ముతారు. పొట్లం మీద మంచుశిఖరం బొమ్మ అబద్ధం, తపస్సు కథ అబద్ధం. ఆ ఆడవాళ్ళ నడుమునొప్పి మాత్రం నిజం, దాన్ని పొట్లం మీద ఎవరూ వెయ్యరు.

ఇక స్టాకు రిజిస్టరు ప్రశ్న. ఎండితే చిటికెడు కూడా కాని పువ్వు అది. చేత్తో తప్ప కొయ్యలేరు, ఏడాదిలో కొద్ది వారాలే దొరుకుతుంది. అలాంటిది దేశంలో ఊరూరా, ప్రతి డేరాలో, పన్నెండు నెలలూ బుట్టలకి బుట్టలు ఎలా ఉంటోంది? రసీదు తక్కువ, జారీ ఎక్కువ అయితే మా ఆఫీసులో వెంటనే అభ్యంతరం రాసేవాళ్ళం. తేడా సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో రాతపూర్వకంగా చెప్పమనేవాళ్ళం. పొట్లంలో ఉన్నది ఏ పువ్వో, ఏ ఆకో, ఏ గడ్డో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. అడిగే బాధ్యత కొనేవాడిది.

మన తెలుగువాళ్ళకి ఈ జబ్బు కొత్తది కాదు. ప్రతి వర్షాకాలంలో ఎక్కడో ఒక ఇంట్లో "బ్రహ్మకమలం" పూస్తుంది. అర్ధరాత్రి ఇరుగుపొరుగు చేరి హారతి ఇస్తారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. అసలు బ్రహ్మకమలం ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం. పొద్దుతిరుగుడు కుటుంబానిది. సుమారు 3,700 నుంచి 4,600 మీటర్ల ఎత్తులో పెరుగుతుంది. విజయవాడ డాబా మీద కుండీలో అది పూయడం జరగని పని. మనవాళ్ళు హారతి ఇస్తున్నది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన ఒక రకం కాక్టస్‌కి. ఆకులా కనిపించే దాని కాండం ముక్క గుచ్చితే మన వాతావరణంలో బతుకుతుంది, రాత్రి పూస్తుంది, పొద్దున్నకి వాలిపోతుంది. చూడ్డానికి చాలా అందమైన పువ్వు, చూడండి, ఫొటో తీసుకోండి. ఎక్కడ పెరుగుతుంది అన్న ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ పేరు అంటుకునేదే కాదు.

హారతి వల్ల పెద్ద నష్టం లేదు, కర్పూరం ఖర్చు తప్ప. పొట్లం వల్ల ఉంది. మా వీధిలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు. రోలింగ్ మిల్లులో పని. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రానికి జ్వరం, మనిషి తీసికట్టయిపోయాడు. వారానికి 350 రూపాయల పొట్లం చొప్పున ఎనిమిది పొట్లాలు తాగాడు. "హిమాలయాలది బాబాయ్, నిదానంగా పనిచేస్తుందంట" అన్నాడు నాతో. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఒకటే గది. చివరికి ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేస్తే టీబీ. ఆరునెలలు మందులు వాడాడు, ఇప్పుడు పనిలోకి వెళ్తున్నాడు. లెక్క చూడండి. పొట్లాలకి 2,800 రూపాయలు ఖర్చు, ఫలితం సున్నా. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. పైగా టీబీ రోగికి తిండి కోసం 2018 నుంచి నెలకి 500, 2024 నవంబరు నుంచి నెలకి 1,000 రూపాయలు ప్రభుత్వమే బ్యాంకులో వేస్తోంది. డబ్బు లెక్క ఇలా తేలిపోయింది. ఆ రెండు నెలలూ ఆ ఒక్క గదిలో పిల్లలు పీల్చిన గాలిని ఏ పద్దు కింద రాయాలి?

ఫ్యాక్టరీల దుమ్ము ఉన్న చోట దగ్గు అందరికీ ఉంటుంది. అదే ఈ వ్యాపారానికి పెట్టుబడి. దగ్గు మామూలైపోయిన ఊళ్ళో అసలు జబ్బు దాక్కుంటుంది. క్షయ నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. డెబ్బై ఏళ్ళు దాటిన చట్టం అది. బేనరు మాత్రం రోడ్డు మీదే ఉంది.

అయితే మూలికలన్నీ పనికిరానివని మీరంటున్నారా అని కొందరు మిత్రులు అడుగుతారు. అనడం లేదు. సర్పగంధ మన దేశపు మొక్కే. అది రక్తపోటుని తగ్గిస్తుందో లేదో రోగుల మీద చూసి, కొలిచి, బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. ప్రపంచం ఒప్పుకుంది. తరవాత దాన్నుంచి రిసర్పిన్ అనే మందు వచ్చింది. ఆ మందు వల్ల మనసు కుంగిపోవడం లాంటి బాధలున్నాయని అనుమానం వస్తే అదీ రాశారు. ఫలితం ఎంత, దోషం ఎంత, మోతాదు ఎంత? ఈ మూడూ కాగితం మీద ఉంటే అది మందు. బనఫ్షా కషాయం గొంతు గరగరకి కొంచెం ఉపశమనం ఇస్తే ఇవ్వవచ్చు, ఎవరూ కాదనరు. గొంతుకి ఉపశమనం వేరు, ఊపిరితిత్తుల్లో బాక్టీరియాని చంపడం వేరు.

మన ఉద్యమంలో ఇద్దరు పెద్దలు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాళ్ళని మిత్రులు గుర్తుచేసుకోవాలి. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావుగారు, వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివి లెక్చరరు అయ్యారు. నాస్తికుడని 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. కేరళలో పుట్టి సింహళంలో స్థిరపడ్డ అబ్రహాం కోవూరు గారూ వృక్షశాస్త్ర అధ్యాపకులే. మహిమ చూపిస్తే లక్ష రూపాయలిస్తానని 1963లో ఆయన చేసిన సవాలుని ఎవరూ గెలవలేదు. మొక్కల్ని శ్రద్ధగా చూసేవాడికి ఒక సంగతి అలవాటవుతుంది. ప్రతి ఆకు వెనకా ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో రాసుకున్నది ఈ అలవాటు గురించే.

హిమాలయం మీద నిజంగా భక్తి ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. ఆ కొండల్లో ఇప్పుడు మంచు తగ్గుతోంది. ఐరోపాలో 302 శిఖరాల మీది మొక్కల పాత, కొత్త జాబితాలని పోల్చి చూసిన పరిశీలన 2018లో నేచర్ పత్రికలో వచ్చింది. భూమి వేడెక్కేకొద్దీ కింది మొక్కలు పైకి ఎక్కుతున్నాయని, ఆ వేగం ఈమధ్య బాగా పెరిగిందని తేల్చారు. కింది మొక్క పైకి పోవచ్చు, శిఖరం మీది మొక్క ఎక్కడికి పోతుంది? రాయి ఉత్తరపు వైపు నీడలో, మంచునీళ్ళు ఊరే చోట మాత్రమే బతికే పసుపు వయొలెట్‌కి ఆ ఊట ఎండిపోతే వేరే దారి లేదు. దాన్ని కాపాడటానికి పూజలు అక్కర్లేదు. బొగ్గు తక్కువ కాల్చాలి, పొగ తక్కువ వదలాలి. ఆ పొగలో మా ఉర్లా వాటా కూడా ఉంది.

కాబట్టి ఈసారి ఎవరైనా హిమాలయ మూలిక అని పొట్లం చేతిలో పెడితే కోప్పడకండి, వాదించకండి. ఈ మొక్క పేరేమిటి, ఎంత ఎత్తున, ఏ నెలలో దొరుకుతుంది, దీన్ని రోగుల మీద పరీక్షించి రాసిన కాగితం ఏది అని మూడు ప్రశ్నలు నెమ్మదిగా అడగండి. పక్కన నిలబడి వింటున్న నలుగురికీ వినబడేట్టు అడగండి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకి మించి దగ్గు ఉంటే పొట్లం దగ్గర ఆగకండి. రేపు పొద్దున్నే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి కళ్ళె పరీక్ష చేయించండి. దానికి పైసా ఖర్చు లేదు.